మోనాచారి చేసిన మొన

నేను ఒక వేటబాణపు మొనను. రెండే అంచులున్న నల్లటి మొరటు ఇనుప ముక్కను. నన్ను చూసి ఇంతవరకు ముచ్చటపడినవాడు మోనాచారి ఒక్కడే. ఆయన కూడా ముచ్చటపడింది నన్ను చూసి కాదు, తన పనితనం చూసుకుని. మనుషుల ముచ్చట్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు లెండి. ఎందుకు లేదో చెబుతాను.

నేను పుట్టుకతో మొనను కాను. ఇరవై ఏళ్లు ఒక ఇసుక లారీ కింద కమాను పట్టీగా పడి ఉన్నాను. మోయవలసిన బరువుకు రెండింతలు ఎక్కించేవారు. గుంతలో పడ్డప్పుడల్లా డ్రైవరు నన్నే తిట్టేవాడు. చివరికి ఒకరోజు విరిగాను. అప్పుడు కూడా తప్పు నాదేనన్నారు. ఆ ముక్కల్లో ఒకటి గోగులపల్లె కమ్మరి మోనాచారి కొలిమి పక్కకు చేరింది. ఆ ముక్కే నేను.

గోగులపల్లె గోదావరి అడవుల అంచున ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి పక్కన హైదరాబాదు పెద్దమనిషి విఠల్ రావు పదెకరాలు కొని, చుట్టూ కంచె వేసి, నెలకు రెండు రోజులు వచ్చి పల్లె గాలి పీల్చుకుని పోయేవాడు. ఆ ఏడు అడవిపందులు ఊరి మొక్కజొన్న చేలను దున్నేస్తుంటే, వాటిని చంపడానికి పంచాయతీ అనుమతి తెచ్చుకుంది. ఆ మాట విఠల్ రావు చెవిన పడింది. తుపాకీవాళ్లు ఎందుకు, నేనున్నానుగా అన్నాడు. కావలసిన కాగితాల్లో తన పేరు కూడా రాయించుకున్నాడు.

ఆయన దగ్గర ఒక కాంపౌండ్ విల్లు ఉండేది. రెండు కొసలా చక్రాలు, వాటి మీద తాళ్లు, గురి చూడ్డానికి రంగురంగుల సూదులు. తాడు లాగుతుంటే చక్రాలు తిరిగి బరువులో చాలా భాగం అవే మోస్తాయి. మిగిలిన కాస్త మోయడానికే విఠల్ రావు ముఖం కందగడ్డలా అయ్యేది.

ఆ విల్లుకు మొనలు ఎంచుకోవడానికి ఆయన మూడు నెలలు తీసుకున్నాడు. మూడు నెలలూ ఫోనులో వీడియోలు చూశాడు. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో బొమ్మలు పెట్టి ఓట్లు వేయించాడు. ఎంత వెడల్పు కోస్తుందని చూశాడు, ఏ రంగు బాగుంటుందని చూశాడు, డబ్బా మీద నోరు తెరిచిన ఎలుగుబంటి బొమ్మ చూసి కాసేపు మురిసిపోయాడు. ఎంత లోతు దిగుతుందని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. చివరికి తెప్పించుకున్నవి విచ్చుకునే మొనలు. ఎగిరేటప్పుడు రెక్కలు ముడుచుకుని ఉంటాయి, ఒంటికి తగలగానే తెరుచుకుంటాయి. తళతళా మెరుస్తాయి. పెళ్లికొడుకు చేతికి ఇచ్చినా బాగుంటాయి.

మరి నేనెందుకు పుట్టానంటారా? గేటు మడతబందు విరిగి కొలిమికి వచ్చిన విఠల్ రావుకు, చేత్తో చేసిన మొన ఒకటి ఉంటే నగరంలో నలుగురికి చూపించుకోవచ్చునని బుద్ధి పుట్టింది. పాపం మోనాచారికి ఆ సంగతి తెలియదు. నిజంగానే వేటకనుకున్నాడు.

"సారూ, మీ విల్లు బలమెంత?" అని అడిగాడు.

"యాభై పౌండ్లు."

"నడిమి తీరు బలమే. మగపందికి భుజం మీద బురద, బంక పట్టి తోలు పలకలెక్క ఉంటది. మీ బలానికి ఎడల్పు మొన పనికిరాదు, సన్నంగ దిగేది కావాలె. రెండే అంచులు పెడత."

విఠల్ రావు ఫోను మాట్లాడుతూ తల ఊపాడు. ఏ మాటకు ఊపాడో ఆయనకే తెలియాలి.

మోనాచారి నన్ను కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి, రెండు రోజులు రాయి మీద నూరాడు. బాణానికి బిగించే మర కోసం మండలంలో లేత్ మెషీన్ ఉన్న షాపుకు తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక పాత సైకిల్ ట్యూబు ముక్కను ఇనుప వలయానికి బిగుతుగా కట్టి నన్ను దాని మీద ఆనించాడు. పదును లేని మొన అయితే రబ్బరు లోపలికి సాగుతుంది. నేను ఆనగానే రబ్బరు చీలిపోయింది. ఆయన కళ్లలో వెలుగు చూశాను. చెప్పొద్దూ, నాకూ గర్వం కలిగింది.

"బాణానికి పెట్టి ఒకసారి కొట్టి చూడుండ్రి సారూ. మొన మారితే బాణం పోకడ మారుతది. కొట్టినంక మళ్ల నూరుకోవాలె," అని అప్పగించాడు.

"ఇదేంటి చారీ, గొడ్డలి ముక్కలెక్క ఉంది!" అన్నాడు విఠల్ రావు.

ఆ తర్వాత నా ఉద్యోగం పార్సిళ్ల మీది టేపు కోయడం, చిప్స్ పొట్లాలు చింపడం. పందిని కొట్టడానికి పుట్టినదాన్ని ఉప్పూ కారం నాకుతూ బతికాను. డబ్బాలో నా పైన తళతళలాడే విదేశీ బంధువులు వెల్వెట్ గుంటల్లో పడుకునేవారు. నన్ను అడుగున పడేశారు.

ఇక ముత్తక్క సంగతి. పూనెం ముత్తక్కకు ఊరి చివర ఎకరన్నర మొక్కజొన్న చేను ఉంది. భర్త లేడు, చేసుకునేదంతా తనే. తండ్రి విల్లు పట్టినవాడు కాబట్టి చిన్నప్పుడు ఆయన వెంట తిరిగి జంతువుల అడుగులు, బాణాల పోకడలు అన్నీ నేర్చుకుంది. చేను కోతకు వచ్చింది. ఆకాశం రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. ఎల్లుండి కోతకు మనుషులను పిలుచుకుంది. వాన కంటే ముందు కోయకపోతే గింజ కంకి మీదే మొలకెత్తుతుంది, ఏడాది తిండి పోతుంది. ఆ చేలోకే ఒక పెద్ద మగపంది రోజూ సాయంత్రం వస్తోంది. అందుకే విఠల్ రావును తన మంచె ఎక్కనిచ్చింది.

పొద్దు వాలుతుండగా పంది వచ్చింది. ఎదురుగా, కాస్త ఏటవాలుగా నిలబడింది. బుద్ధి ఉన్నవాడెవడూ ఆ నిలుపులో కొట్టడు. అది పక్కకు తిరిగేదాకా ఆగుతాడు. విఠల్ రావుకు ఆగడం రాదు. ముఖం కందగడ్డ చేసుకుని లాగి వదిలాడు.

బాణం భుజానికే తగిలింది. కానీ తగిలీ తగలగానే ఆ తళతళల బంధువు రెక్కలు విప్పాడు. ఉన్న కాస్త బలం రెక్కలు విప్పడానికే సరిపోయింది. ఒక రెక్క గట్టితోలులో ఇరుక్కుని విరిగింది, బాణం పక్కటెముకల మీదుగా జారి పొట్టలోకి పోయింది. పంది అరిచిన అరుపు డబ్బా అడుగున ఉన్న నాకు కూడా వినిపించింది. అది పారిపోయింది అడవిలోకి కాదు, చేను నడిమధ్యకు.

"తగిలింది! తెల్లారేసరికి చచ్చి పడుంటుంది," అని విఠల్ రావు మంచె దిగి కారు వైపు నడిచాడు. ఆయనకు మర్నాడు హైదరాబాదులో ఏదో విందు ఉందట.

ముత్తక్క దారికి అడ్డం నిలబడింది. "బూట్లు ఇప్పు సారూ."

"ఏంటి?"

"మా ఊళ్ల పద్ధతి. మొదలు గాయం చేసినోడు, దాని పానం పోయేదాక కాలికి ఏం తొడగొద్దు. చేను గట్టు దాటొద్దు. ఎల్లుండి కోత. గాయం తిన్న పంది లోపలుంటే ఎవ్వలొస్తరు కొయ్యనీకి? దాన్ని లేపినోనివి నువ్వే, పండబెట్టాల్సింది నువ్వే."

ఆయన కాగితాలు చూపించాడు. పెద్దవాళ్ల పేర్లు చెప్పాడు. ముత్తక్క ఏదీ వినలేదు, ఆయన కాళ్ల వైపే చూస్తూ నిలబడింది. ఆకుల, కొమ్మల బొమ్మలున్న ఆ విదేశీ బూట్లను చివరికి ఆయనే విప్పి ఇచ్చాడు. ఆమె వాటిని లేసులతో కలిపి కట్టి మంచె కర్రకు తగిలించింది. చీకట్లో గాయపడ్డ పంది వెనక పోవడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే కాబట్టి తెల్లవారేదాకా ఇద్దరూ మంచె మీదే ఉన్నారు. విఠల్ రావు దోమలను తిట్టాడు. ముత్తక్క మబ్బును చూస్తూ కూర్చుంది. చేను మధ్య నుంచి పంది ఊపిరి ఆగుతూ, మళ్లీ మొదలవుతూ తెల్లవార్లూ వినిపించింది. ఒక్క నిమిషంలో పోవలసిన ప్రాణం అది. ఇనుమునై పుట్టినా నాకు సిగ్గు వేసింది.

వెలుగు రాగానే విఠల్ రావు ఇంకో తళతళల మొనను తీశాడు. ముత్తక్క చేయి చాపి తీసుకుని బొటనవేలితో రెక్క మీటింది. అది టప్పున తెరుచుకుంది.

"ఇదేంది సారూ, గొడుగా?"

డబ్బాను కింద కుమ్మరించింది. అడుగు నుంచి నేను పడ్డాను. నా మీద చిప్స్ కారం, టేపు జిగురు. ఆమె నన్ను వెలుగుకు పట్టి చూసి, "ఇది మోనన్న చెయ్యి," అంది. నా జన్మలో నన్ను గుర్తుపట్టిన రెండో మనిషి ఆమె.

గట్టు మీద పొట్టు నింపిన బస్తా నిలబెట్టి, ఇరవై అడుగుల నుంచి నన్ను కొట్టించింది. మొదటిసారి నాలుగు వేళ్లు పక్కకు పోయాను. విఠల్ రావు నన్ను తిట్టాడు. లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. ముత్తక్క మాత్రం, "దాన్నెందుకు తిడతవ్? సూది జరుపు," అంది. గురి సూది జరిపాడు. రెండోసారి గుర్తుకు వేలెడు దూరంలో దిగాను. మూడోసారి గుర్తు మీదే దిగాను. అప్పుడామె నన్ను ఊడదీసి, కాలువ రాయి మీద తాపీగా మళ్లీ పదును పెట్టింది. మూడు నెలల వీడియోలలో ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఈయన వినలేదో తెలియదు గానీ, ఈ పనికి మొత్తం అరగంట పట్టింది.

ఒట్టి కాళ్లతో ఇద్దరూ చేలోకి దిగారు. ఆమె ముందు, ఆయన వెనక. అడుగుకో ముల్లు, ముల్లుకో మూలుగు. పంది ఒక గుంతలో పక్కకు వాలి ఉంది. ఈగలు ముసురుతున్నాయి. మమ్మల్ని చూసి లేవబోయి ముందు కాలు మీద తూలింది. అప్పుడు కూడా దాని కళ్లలో కోపమే ఉంది, బతిమాలడం లేదు. విఠల్ రావు వెంటనే తాడు లాగబోయాడు.

"ఆగు. కాలు ముంగటికి చాపనియ్యి," అని ముత్తక్క గుసగుసలాడింది. "ఇంక ఆగు... ఇగ కొట్టు. చంక వెనక."

ఆగాడు. జీవితంలో మొదటిసారి కావచ్చు. వదిలాడు. నేను పక్కటెముకల మధ్య నుంచి దూరి ఆ పక్కన మట్టిలో దిగబడ్డాను. వెనక్కి తిరిగి చూసే వీలు నాకు లేదు. ఊపిరి రెండుసార్లు వినిపించింది. మూడోది వినిపించలేదు.

నేనేదో ఘనకార్యం చేశానని అనుకోకండి. కోయడం నా పని, కోశాను. కానీ ముత్తక్క నిన్నటి బాణాన్ని పంది పొట్టలోంచి లాగి నా పక్కన పడేసినప్పుడు, ఒంటి రెక్కతో రాత్రంతా ఆ పొట్టలో తిరిగిన నా బంధువును దగ్గరగా చూశాను. వాడినీ ఏమీ అనలేకపోయాను. వాడిని ఎంచుకున్నవాడు ఈగలు తోలుకుంటూ ఫోను తీస్తున్నాడు.

"ఒక ఫోటో తియ్యి ముత్తక్కా. బూట్లు ఇవ్వు, బూట్లు లేకుండా బాగుండదు."

"గుంత తవ్వినంక," అంది ముత్తక్క. చంపిన పందిని పూడ్చిపెట్టాలని ఆయన తెచ్చిన కాగితంలోనే రాసి ఉంది. ఆయన దాన్ని అంతవరకు చదవలేదు. ఒట్టి కాళ్లతో పార పట్టి మధ్యాహ్నం దాకా తవ్వాడు. ఫోటో దిగే ముందు నన్ను ఊడదీసి పారేసి, డబ్బాలోంచి కొత్త తళతళల మొన తీసి బాణానికి బిగించుకున్నాడు. నేను ఫోటోకు పనికిరానట. అప్పుడు బూట్లు తొడుక్కుని, ఛాతీ విరిచి నిలబడ్డాడు.

ముత్తక్క మర్నాడు కోత కోయించింది. చివరి బండి ఇల్లు చేరాక వాన పడింది.

నెల తర్వాత హైదరాబాదు నుంచి ఒక పార్సిల్ వచ్చింది. అద్దం కట్టించిన ఫోటో. కింద బంగారు అక్షరాల్లో విఠల్ రావు పేరు, ఒకే బాణం అని గొప్పగా ఒక ముక్క. పక్కన మెరుస్తున్న మొన. ముత్తక్క దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. సరిగ్గా పట్టిందని గింజల కుండ మీద మూతగా పెట్టింది. ఆయన ముఖం లోపలి వైపుకు ఉంది. ఇప్పుడు ఆయనను రోజూ చూసేవి పురుగులే.

నన్ను మాత్రం ఆమె ఆరోజే మట్టిలోంచి ఏరుకుంది. మోనాచారి నాకు వెదురు పిడి వేసిచ్చాడు. ఇప్పుడు కంకుల మీద పొట్టు చీల్చడం నా పని. ముత్తక్క అరుగు మీద కూర్చుని నాతో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చీలుస్తుంది. కంకి వెనక కంకి, కొన్ని వందలు. ఒక్కటీ అరవదు.