ఎడమ చెవీ, నాలుగు గళ్ళూ

చిలోయే దీవిలోని ఆ చిన్న బడికి ఎదెల్మీరా పెద్ద మేడమై పందొమ్మిదేళ్ళు. ఎడమ చెవి మొరాయించి రెండేళ్ళు. ఎవరి మాటైనా వినపడకపోతే పైకి చూసి, "ఈ రేకుల మీద వాన ఒకటి" అని విసుక్కునేది. ఆ దీవిలో వానకేం కరువు? సాకు హాయిగా చెల్లిపోయింది.

ఈసారి బడికి నాలుగేళ్ళ ప్రణాళిక రాసి పంపాలి. ముందు అందరూ కూర్చుని 'ఫోదా' చెయ్యాలని పైనుంచి ఉత్తర్వు. అంటే బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి, బడి బలాలు, అవకాశాలు, లోపాలు, ముప్పులు పేర్లు లేని చీటీల మీద రాసి అంటించడం. లోపాల గడిలోకి తన చెవి ఎక్కుతుందనీ, ఆ కబురు ప్రణాళికతో పాటే పట్నం చేరుతుందనీ ఎదెల్మీరా భయం. వినపడని మనిషి చేతిలో బడి ఎవరుంచుతారు?

సరిగ్గా చీటీలు విప్పే వేళకు మాయదారి వాన ఆగిపోయింది.

మన్సీయా మాస్టారు, యాస్నా టీచరు, వంటమ్మ ఓర్ఫెలీనా పొయ్యి దగ్గర మాతే అనే ఆకు టీ తాగుతూ కూర్చున్నారు. లోపాల చీటీల్లో మొదటిది బడి పడవ ఇంజను గురించి. రెండోది ఎదెల్మీరా విప్పి చదివింది. "మీటింగుల్లో మేం మరీ గొణుగుతాం. మేడమ్ కుడిపక్కన కూర్చుని గట్టిగా మాట్లాడాలి."

మూడోదీ అదే. నాలుగో దానికి బంగాళాదుంప పిండి అంటుకుని ఉంది, అదీ అదే.

ఎదెల్మీరా తల తిప్పి చూసింది. ముగ్గురూ తన కుడిపక్కనే ఉన్నారు. ఎడమవైపు బల్ల ఖాళీ. రెండేళ్ళుగా ఖాళీయే. పొయ్యి వెచ్చదనం కోసం కుడివైపు చేరుతున్నారనుకుంది, పిచ్చి మొహం. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

ఎప్పటినుంచి తెలుసని అడిగింది.

"మొదటి నుంచీ తెలుసమ్మా," అంది ఓర్ఫెలీనా. "ఎండ కాసిన రోజు కూడా వానను తిట్టారుగా."

ఎదెల్మీరా కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత తనే చీటీ తీసుకుని, "పెద్ద మేడమ్‌కి ఎడమ చెవి వినపడదు" అని రాసి లోపాల గడిలో అంటించింది. పట్నం ఆస్పత్రిలో చెవి మిషన్ ఇస్తారని మన్సీయా వెంటనే అవకాశాల్లో చేర్చాడు.

ఓర్ఫెలీనాకి మాత్రం నచ్చలేదు. లేచి ఆ చెవి చీటీ పీకి బలాల గడిలో అతికించింది.

"బడి మూసేస్తామని పట్నం ఆఫీసరు మూడుసార్లు ఫోన్ చేసినా, ఎడమ చెవిన పెట్టుకుంటే మీకు వినపడలేదు కదమ్మా. బడి ఇంకా ఉందంటే అందుకే."

ఆ మాటల్లో ప్రతి అక్షరం వినపడింది. అయినా ఇంకోసారి వినాలనిపించి, ఎదెల్మీరా ఎడమ చెవి అటు తిప్పి అడిగింది.

"ఏమన్నావే?"