దుమ్ము లేవొద్దట

బందరు నుంచి దొర కారు వస్తోందని, తోవంతా నీళ్లు చల్లాలని, దొర పనులకు జనాన్ని పిలిచే ఊరి సుంకరి బక్కయ్య వాడలోకి వచ్చి డప్పు కొట్టాడు. పిడకలు చేస్తున్న వీరమ్మ పేడ చేతులతోనే లేచి నిలబడింది.

ఆ డప్పు విని రెండేళ్లయింది. వెట్టి చేయమంటూ ఊళ్లో సంఘం లేచినప్పుడు దొర పెట్టె సర్దుకుని బందరు పారిపోయాడు. పోలీసు యాక్షన్ అయిపోయింది, నలభైతొమ్మిది ఎండాకాలం వచ్చింది, దొరకు మళ్లీ ధైర్యమొచ్చింది. బందరు స్నేహితులను కారులో వేసుకుని వాడపల్లి చూపిస్తాడట. కృష్ణలో మూసీ కలిసే చోటు, గట్టు మీద గుడి, నీడన కూర్చుని పులిహోర. తెల్లవారుజామున బయలుదేరి, అదే రోజు వెనక్కి. షికారు వాళ్లది, చాకిరి వీళ్లది.

కారు వస్తే తోవ తడపడం పాత వెట్టి. దొరవారి బట్టలకు దుమ్ము అంటకూడదని, గరిడేపల్లి వైపు వాగు నుంచి ఊరి దాకా మైలు తోవకు వాడ ఆడవాళ్లు కడవలతో నీళ్లు మోసి చల్లేవాళ్లు. కూలి లేదు, గంజి లేదు. వీరమ్మ నిండు కడుపుతో కూడా మోసింది. ఆ బిడ్డ దక్కలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనదు. డప్పు వినపడితే మాత్రం చేయి పొట్ట మీదికి పోతుంది.

"వదినె, జర నా ముకం సూడు. తోవ తడవకుంటె నన్ను మిలిటరోల్లకు పట్టిస్తనని దొర కబురంపిండు" అన్నాడు బక్కయ్య. అతను వీరమ్మ పెనిమిటికి తమ్ముడు.

"నీ ముకం రోజు సూస్తనే ఉన్న. బాయిల మోకాటి లోతు నీళ్లున్నయ్. వాడ తాగాల్నా, తోవ తాగాల్నా?"

"గీ ఒక్కపారికి..."

"ఒక్కపారి అనుకుంటనే మొదలైతది వెట్టి. ఇయ్యాల చెంబు, రేపు కడవ, ఎల్లుండి మన పానం."

ముసలి ఈదమ్మ గడపలోంచి అందుకుంది. "మనం దుమ్ములనే పుట్టినం, దుమ్ములనే పోతం. దొరకెందుకే దుమ్మంటె అంత బయం?"

వాడంతా నవ్వింది. నవ్విన తర్వాత ఎవరూ కడవ ముట్టుకోలేదు. వీరమ్మ చేతులు కడుక్కుని, తాగడానికి ఒక కడవ తోడి పక్కన పెట్టి, చాంతాడు ఒళ్లో వేసుకుని బావి గట్టున కూర్చుంది.

ఎండ ముదిరాక కారు వచ్చింది. నల్ల కారట, ఎర్రగా వచ్చింది. లోపలి తెల్లబట్టలూ ఎర్రబడ్డాయి. సరిగ్గా బావి ముందుకు వచ్చేసరికి మూతిలోంచి బుస్సుమని ఆవిరి కక్కి ఆగిపోయింది. డ్రైవరు తొందరపడి మూత తిప్పి చేయి కాల్చుకున్నాడు.

దొర దిగాడు. "ఏందే వీరీ! తోవ ఎందుకు తడపలే?"

"తడపం దొరా." ఆమె లేవలేదు.

"మిలిటరీ క్యాంపుకు కబురు పెడత, సూడు!"

"పెట్టు. నడిసి పోవాలె మరి. నీ కారైతె కదలదు."

బక్కయ్య డప్పు వెనక ముఖం దాచుకున్నాడు. కారులోంచి బందరు ప్లీడరుగారి భార్య తల బయటపెట్టి, "అమ్మా, దాహంగా ఉంది" అంది. వీరమ్మ చటుక్కున లేచి కడవ వంచింది. ఆవిడ దోసిలి పట్టి కడుపునిండా తాగింది.

"ఆ చేత్తోనే ఇంజనుకు ఆరు బొక్కెనలు తోడు" అన్నాడు దొర.

"దూపైనోల్లకు పోస్త. బండికి గూడ వద్దనను. గని తోడుడు మీరే తోడుకోవాలె."

"మీ బాయిల నేను తోడాల్నా? అంటు గాదా?"

"బండికి అంటు లేదు గద దొరా. ఎవల నీళ్లైన తాగుతది."

ఖద్దరు కట్టిన ప్లీడరుగారు దుమ్ము దులుపుకుంటూ దిగాడు. "వాడపల్లి చూసుకుని మళ్లీ బందరు చేరాలి కదండీ. తాడు ఇలా ఇవ్వమ్మా, నేను తోడతాను." పంచె ఎగ్గట్టి చేయి చాపాడు. వీరమ్మ ఇచ్చింది.

దొర ముఖం మాడిపోయింది. స్నేహితుణ్ణి పిలిచి వాడబావిలో నీళ్లు తోడించాడని రేపు బందరంతా చెప్పుకుంటుంది. "మీరుండండి ప్లీడరుగారూ" అని తాడు లాక్కున్నాడు.

మొదటి బొక్కెన గోడకు కొట్టుకుని సగమే వచ్చింది.

"మెల్లగ దొరా, బొక్కెన మాది" అంది ఈదమ్మ.

మూడో బొక్కెనకు అరచేతులు కమిలాయి. అయిదోది చేయి జారి కొంత నేల మీద ఒలికింది.

"కింద పోయకు దొరా" అంది వీరమ్మ. "తాగే నీళ్లు."

ఆరూ తోడాడు. కారు కదిలింది. లేచిన దుమ్ము వాడ మీద పడింది. వీరమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"మాపటికి మల్ల గీ తోవనే వస్తరు గద వదినె" అన్నాడు బక్కయ్య దగ్గుతూ.

వీరమ్మ చాంతాడు చుట్టచుట్టి గట్టు మీద పెట్టింది.

"రానీ. తాడు గీడనే ఉంటది."