ఇన్ని కంప్యూటర్ల సాక్ష్యం

ఒళ్ళు మండిపోయింది నాకు. ఏళ్ళ తరబడి ఒక్క డ్యూటీ ఎగ్గొట్టని నర్సును పట్టుకుని, సోమవారం వార్డు గాలికొదిలేసి ఇంట్లో కూర్చుందంటాడా! ఉద్యోగం పీకేస్తానని ఆసుపత్రి సూపరింటెండెంట్ అందరి ముందూ కేకలేస్తున్నాడు. ఆ నర్సు మా పెద్దమ్మ కూతురు. నేను అక్కడే నెట్‌వర్క్ పని చూస్తాను.

"సోమవారం నాకు సెలవుగా మార్చారు సార్. హెడ్డాఫీసు సైట్‌లో డ్యూటీ చార్టు చూడండి," అని అక్క ఫోన్ చాపింది.

ఆయన కన్నెత్తి చూడలేదు. "ఇక్కడ ఎందులో చూసినా నీకు డ్యూటీయే ఉంది. ఇన్ని కంప్యూటర్లు ఒకే మాట చెబుతుంటే నీ ఒక్క ఫోన్‌ని నమ్మాలా?"

ఇన్ని కంప్యూటర్లట! అవి నేరుగా ఇంటర్నెట్‌కి వెళ్తే కదా! మధ్యలో ప్రాక్సీ సర్వర్ అని ఒక పెట్టె ఉంది. ఎవరో తెరిచిన పేజీకి కాపీ దాచుకుని, తర్వాత అడిగిన వాళ్ళందరికీ అదే ఇస్తుంది. ఆసుపత్రి ఇంటర్నెట్ లైను చాలక నెట్ నత్తనడక నడుస్తుంటే, పెద్ద లైను తీసుకోండి మహాప్రభో అని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఈయన వింటేనా! బయటి నుంచి ఎవరినో పిలిపించి, కాపీ పాతబడిందో లేదో అసలు సైటును అడగకుండానే ఇచ్చేసేలా సెట్టింగు మార్పించాడు. నెట్ పరుగులు పెట్టింది. ఈయనగారు మీసం మెలేశాడు.

"వాటన్నిటిదీ ఒకటే నోరు సార్. అది పాత చార్టు చూపిస్తోంది. అక్క ఫోన్ సొంత డేటాతో నేరుగా సైటుకే వెళ్తుంది," అన్నాను.

"మీ అక్కని వెనకేసుకురాకు."

ఇక ఎవరి అనుమతీ అడగలేదు. సర్వర్ గదికి వెళ్ళి, దాచిన కాపీలన్నీ తుడిచేసి, ఆ దిక్కుమాలిన సెట్టింగు తీసేసి, తిరిగొచ్చి ఆయన కంప్యూటర్లోనే పేజీ తెరిచాను. ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వచ్చింది. సోమవారం ఎదురుగా అక్క పేరు లేదు, ఇంకో నర్సు పేరుంది. పాపం, ఆవిడ ఇక్కడి కంప్యూటర్లో పాత చార్టు చూసుకుని రాలేదు. వార్డు ఖాళీగా ఉండిపోయింది అందుకే.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "సరేలేమ్మా, మిషన్ చేసిన పొరపాటు. వెళ్ళి డ్యూటీ చూసుకో."

అంతే! నాలుగు మాటలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి, తనే అడిగింది.

"తప్పు చూపించింది మిషనే సార్. అందరి ముందూ అరిచేముందు, ఎందుకు రాలేదని నన్ను ఒక్క మాట అడగొద్దని కూడా మిషనే చెప్పిందా?"

గుమ్మం దగ్గర నర్సులంతా వింటున్నారు. ఆయన అక్క ముఖం చూడలేదు. నా వైపు తిరిగి, "ఏంటిది, నెట్ మళ్ళీ ఇంత మెల్లగా ఉంది?" అని కసిరాడు.