మునిగిన వంటగది

వారమంతా కొత్తవాళ్లకి డైవింగ్ నేర్పి నేర్పి నా చెవులు హోరెత్తుతున్నాయి. దొరికిన ఒక్క సెలవు రోజునా పొద్దున్నే బావ తలుపు తట్టాడు.

"ఇవాళైనా తీసుకెళ్తావా మరదలా?"

"ఒళ్లు హూనమైపోయింది బావా."

"నా ఒళ్లేమైనా కొత్తదా?"

బావ మా అక్క మొగుడు. సరుకుల ఓడలో పదకొండేళ్లు వంట చేశాడు. మూడేళ్ల కిందట ఆ ఓడ మా ఊరి దగ్గరే రాళ్లకి తగిలి, ఒడ్డుకి కూతవేటు దూరంలో మునిగింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అప్పట్నుంచీ ఆసుపత్రి క్యాంటీన్లో వండుతూ, పూటకోసారి మళ్లీ ఓడెక్కుతానంటూ ఉంటాడు. మునిగిన ఓడని ఒక్కసారి చూడాలని నా దగ్గరే నెల రోజులు డైవింగ్ నేర్చుకున్నాడు.

ఇంక తప్పదని బయల్దేరాను. సిలిండర్లు వీపున వేసుకుని, గులకరాళ్ల మీద తూలుతూ నీళ్లలోకి దిగాం. ఏడు మీటర్ల లోతులో ఓడ ఒక పక్కకి ఒరిగి ఉంది. రంగంతా పోయింది. లోపలికి దూరకూడదని ముందే గట్టిగా చెప్పాను. వంటగది కిటికీ దగ్గర ఆగి బావ టార్చి వేశాడు. పొయ్యి బిగించినచోటే ఉంది. దాని మీదుగా చిన్న చేపలు తిరుగుతున్నాయి.

బావ కదల్లేదు. భయపడ్డాడేమోనని భుజం తట్టాను. బాగానే ఉన్నానని వేళ్లతో సైగ చేసి, మళ్లీ అలాగే చూస్తూ ఉండిపోయాడు. చలికి నా దవడలు కొట్టుకుంటున్నాయి. సిలిండర్లో గాలి సగమయ్యాక పైకి రమ్మని బొటనవేలు చూపించాను. పేచీ పెట్టకుండా వచ్చాడు.

ఒడ్డున కాళ్లకున్న ఫిన్స్ కూడా విప్పకుండా కూలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"ఎంత ఇరుకో చూశావా? చేతులు చాస్తే రెండు గోడలూ తగుల్తాయి. ఇరవై మందికి మూడు పూటలా అందులోనే వండాను. బయట ఎండో వానో తెలిసేది కాదు."

"మరి సముద్రం, సముద్రం అని మా అక్క ప్రాణం తీశావుగా?"

నవ్వబోయి దగ్గాడు. "సముద్రం ఎక్కడ చూశానే? గిన్నె అడుగంటకుండా చూసుకోవడంతోనే సరిపోయింది."

ఫిన్స్ విప్పుకుంటూ, "క్యాంటీన్ వాళ్లు పర్మనెంటు చేస్తామంటే ఆర్నెల్లుగా నాన్చుతున్నా. రేపు వెళ్లి సరే అంటాను. మీ అక్కకి నేనే చెప్తా, నువ్వు నోరు జారకు" అన్నాడు.

సంతోషించాలో జాలిపడాలో తేల్చుకునే ఓపిక కూడా లేదు నాకు. రెండు సిలిండర్లూ నేనే మోసుకెళ్లి బండిలో పెట్టి వచ్చాను. అప్పటికే బావ రాయికి ఆనుకుని, తడి బట్టల్లోనే నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. పక్కనే నేనూ నడుం వాల్చాను.