టోపీనక్క

టోపీనక్క ఒకప్పుడు టీవీ కార్టూన్లో పిల్లలందరినీ కడుపుబ్బ నవ్వించింది. దానికి రంగులు వేసినవాళ్లలో బిక్షపతి ఒకడు. పారదర్శకమైన ప్లాస్టిక్ షీటుకు ముందువైపు గీతలు, వెనకవైపు రంగులు. అలాంటి షీట్లు బోలెడు మారితేగాని నక్క నాలుగడుగులు వేసేది కాదు. కంపెనీలోకి కంప్యూటర్లు దిగాక, గుర్తుగా ఒక్క షీటు తీసుకుని హైదరాబాదు నుంచి మహబూబాబాద్ వచ్చేశాడు. బోర్డులు రాసుకుని బతికాడు. పాడు పక్షవాతం ఆ కుడిచేతినీ మిగల్చలేదు.

అలాంటివాడికి హైదరాబాదులో బొమ్మలు నేర్పే బడి నుంచి పిలుపొచ్చింది. గీయనక్కర్లేదు, పిల్లలకు చెబితే చాలు, తన చేతిపని ఒకటి తెచ్చి చూపించాలి. అంతలో సకల జనుల సమ్మె మొదలై బస్సులు, రైళ్లు ఆగిపోయాయి.

"ఆగనియ్యి. తెలంగాణ ఒస్తది, నా నౌకరీ ఒస్తది" అని బిక్షపతి నవ్వాడు. భర్త నవ్వగా చూసి కళావతికి ఎన్నేళ్లయిందో!

బస్సులు కదిలిననాడు వాన. చూపించడానికి ఉన్న ఆ ఒక్క నక్క బొమ్మ దారిలో తడిస్తే ఎట్లా అని కళావతికి గుబులు పట్టుకుంది. రేషన్ కార్డయినా, పోయిన అత్త ఐలమ్మ ఫొటో అయినా, విలువైనదేదైనా లామినేషన్ చేయించడమే ఆమెకు తెలుసు. అతడు స్నానానికి వెళ్లగానే షీటు కొంగుచాటున పెట్టుకుని జిరాక్స్ దుకాణానికి పరుగెత్తింది.

"అక్కా, గిది ప్లాస్టికే గదా?" అన్నాడు దుకాణం హరీశ్.

"అయినా చెయ్యి తమ్మీ. రంగు పోతే మా బతుకే పోతది."

వేడి మిషన్ షీటును మింగి అవతల కక్కింది. నక్క మూతి ముడుచుకుపోయింది. టోపీ ఎరుపు కరిగి కళ్లలోకి పాకింది.

ఇంట్లో బిక్షపతి ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. షీటును ఎడమచేత్తో అందుకుని కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు.

"ఏదన్న అనరాదు! తిట్టు, కొట్టు!" కళావతి బావురుమంది.

"నువ్వేం జేస్తవే. బొమ్మ పైలంగ ఉండాల్ననే జేస్తివి."

అప్పుడే ఫోను మోగింది. బయలుదేరారా అని బడివాళ్లు అడుగుతున్నారు.

"బిక్షపతినే సార్. కానీ మీరు అడిగేటోడు నేను గాదు" అన్నాడతడు మెల్లగా. "నాకు బొమ్మలు రావు."

ఆయనే, ఆయనే అని అరవాలనుకుంది కళావతి. అంతలో అతడు ఫోను పెట్టేశాడు. చొక్కా విప్పమని ఆమె ముందు నిలబడ్డాడు. పడిపోయిన చేతిని ఆమె చొక్కాలోంచి మెల్లగా బయటికి తీసింది.