వేళ కాని సైరన్

నాకౌట్ టోర్నీలో హైదరాబాద్ క్లబ్బును మా బెల్లంపల్లి పిల్లలు పెనాల్టీల దాకా లాక్కొస్తారని మేమే అనుకోలేదు. చివరి షాట్ మిగిలింది. ఆపితే ఆశ ఉంటుంది, వదిలితే ఇంటికే. గోల్‌కీపర్ సాయిచంద్ చేతులు చాచి నిలబడ్డాడు. వాళ్ల బాపు ఆ పూట బొగ్గుబాయి లోపల షిఫ్టులో ఉన్నాడు.

అవతలివాడు బంతి వైపు పరుగెత్తగానే బాయి సైరన్ మోగింది. అది షిఫ్టు మారే వేళ కాదు. వేళ కాని వేళ సైరన్ మోగిందంటే లోపల ఏదో ప్రమాదమనే మా ఊరికి తెలుసు. సాయిచంద్ తల బాయి వైపు తిరిగింది. హైదరాబాద్ వాళ్లు గంతులేస్తుంటే గోల్ పడిందని మాకు తెలిసింది.

ఫోన్ చేసి కనుక్కుంటే, రిపేరు చేసిన సైరన్‌ను ఊరికే మోగించి చూశారట. షాట్ మళ్లీ కొట్టించమంటే రిఫరీ కుదరదన్నాడు.

కోచ్ హనుమండ్లు సాయిచంద్ మీదికి వచ్చాడు. "బంతి ఏ దిక్కు పోయిందిరా?"

"సూడలే సార్. బాపు లోపలున్నడు."

హనుమండ్లు మా వైపు తిరిగాడు. "మీరన్నా సూసిండ్రా?"

సైరన్ మోగగానే మా తలలూ బాయి వైపే తిరిగాయి. నువ్వు చూశావా అని ఆయన్ను ఎవరం అడగలేదు.