పాటలు పోయిన రేడియో

సాయంత్రం కీర్తన పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసుతో టీవీ ముందు కూర్చుంటే, వాళ్ళ పెద్దమ్మ ఛాయాదేవి గోరుచిక్కుళ్ళు పళ్ళెంలో పోసుకుని పక్కన చేరేది. సత్యనారాయణపురంలో ఆ రెండు గదుల వాటాలో ఉండేది వాళ్ళిద్దరే. కీర్తన టీవీలో ఆడే వీడియో ఆటలో ఎనభైల నాటి పెద్ద ఊరొకటుంది. ఏ కారైనా ఎక్కి ఎటైనా తిరగొచ్చు. ఎక్కడెక్కడి వాళ్ళో తమ ఇళ్ళ నుంచే ఆడుతూ, అదే ఊళ్ళో తమ కార్లు తోలుకుంటూ ఎదురుపడతారు. కీర్తనకి దొంగల్ని తరమడం సరదా. ఛాయాదేవికి కారులో రేడియో ఇష్టం.

తెర వంక చూసేది కూడా కాదు. ఈనెలు తీస్తూ వినేది. ఆ రేడియోలో మంజులత అనే అమ్మాయి ఆ కాలం సినిమా పాటలు వేసేది. కారు దిగితే రేడియో ఆగిపోతుంది.

"దిగమాకే, పాట అయిపోనీ."

"అవతల దొంగ పారిపోతున్నాడు పెద్దమ్మా."

"ఎక్కడికి పోతాడు, రేపు దొరుకుతాడులే."

దాంతో కీర్తన కారుని నది ఒడ్డున ఆపి, చేతులు కట్టుకుని కూర్చునేది.

ఛాయాదేవి బస్టాండులో మైకు ముందు పనిచేసి రిటైరైంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికొస్తుందో, ఏ ఊళ్ళ మీదుగా పోతుందో చదవడం ఆవిడ ఉద్యోగం. వయసులో ఉన్నప్పుడు రేడియోలో చేరదామని వెళ్ళింది. "గొంతు బాగుందమ్మా, కానీ పాట గురించి చెప్పమంటే బస్సు గురించి చెప్పినట్టే చెబుతున్నారు," అన్నారు వాళ్ళు. నవ్వేసి బస్టాండుకే తిరిగొచ్చింది. చివరి ఏళ్ళలో కంప్యూటరు గొంతు వచ్చింది. ఆవిణ్ణి తీసుకెళ్ళి ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చోబెట్టారు.

ఈ ఏడు ఎండాకాలం నుంచి ఆ గొంతులో జీర మొదలైంది. జలుబనుకున్నారు. సూర్యారావుపేటలో డాక్టరు చూసి, స్వరపేటిక మీద కణితి ఉంది, ఆపరేషన్ చెయ్యాలన్నాడు. తర్వాత గొంతు ఎంత మిగులుతుందో చెప్పలేనన్నాడు. ఆటో ఎక్కాక కీర్తన ఏడ్చింది. ఛాయాదేవి మాత్రం, "బీసెంట్ రోడ్డు మీదుగా పోనివ్వు బాబూ, రద్దీ తక్కువుంటుంది," అంది డ్రైవరుతో. ఆ వేళప్పుడు అక్కడ రద్దీ ఎప్పుడూ తక్కువుండదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

అదే నెలలో ఆటలో పాటలు పోయాయి. కంపెనీ వాళ్ళు కొన్న హక్కుల గడువు తీరిందట. ఒక పొద్దున ఆట తనంతట తాను అప్‌డేట్ అయి, రేడియోలో సగానికి పైగా పాటల్ని ఊడ్చేసింది. పాటలున్న చోట ఇప్పుడు ఖాళీ. పాపం మంజులత ఆ ఖాళీలన్నీ మాటలతో నింపాల్సొచ్చింది. వాతావరణం చెప్పింది, వంటలు చెప్పింది, చిన్నప్పటి కబుర్లు చెప్పింది. పొద్దస్తమానం మాట్లాడి మాట్లాడి ఆ పిల్లకి గొంతు బొంగురుపోయింది.

"మిరియాల పాలు తాగమ్మా," అంది ఛాయాదేవి, చిక్కుడు గింజలు ఒలుస్తూ.

"తాగుతూనే ఉన్నానండీ," అంది మంజులత రేడియోలోంచి. "ఛాయాదేవి గారూ, రోజూ మీ మాటలు ఇక్కడికి వినిపిస్తుంటాయి. మైకు అలవాటున్నవారు. సాయంత్రం ఒక్క గంట నా బదులు కూర్చుంటారా?"

కీర్తన కారుని కాస్త నీడకి తీసింది.

"నా గొంతూ బాలేదమ్మా. కోస్తారట," అంది ఛాయాదేవి.

"ఇక్కడికి బాగానే వినిపిస్తోందండీ. వినండి కావాలంటే."

ఛాయాదేవి గొంతు సవరించుకుని, అలవాటుగా, "ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది. గదిలో జీరగా పలికిన ఆ మాట టీవీలోంచి ముప్ఫై ఏళ్ళ నాటి గొంతుతో, గంట కొట్టినట్టు వచ్చింది. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

మర్నాటి నుంచి సాయంత్రం గంట ఆవిడదైంది. పాటలు లేవు గనక తెలిసిందే చెప్పింది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు అంటూ బందరు రోడ్డు పట్టుకునేది. ఉయ్యూరు వచ్చేసరికి చెరుకు ఆడే రోజుల్లో బస్సు కిటికీల్లోంచి ఎలాంటి వాసన కొడుతుందో, నిద్రపోతున్నవాళ్ళు ఆ వాసనకే ఎలా లేచి సంచులు సర్దుకుంటారో చెప్పేది. బస్సు గురించి చెప్పినట్టే చెప్పేది. ఇంకోలా చెప్పడం ఆవిడకి రాదు.

"పెద్దమ్మా, ఒకసారి చూడు," అంది కీర్తన ఒకరోజు.

ఛాయాదేవి తలెత్తింది. తెర మీద నది ఒడ్డు పొడుగునా కార్లు ఆగి ఉన్నాయి. ఎవరూ దిగడం లేదు.

పక్క వాటాలో ఉండే హెలెన్ టీచరు పెరట్లో బట్టలారేస్తూ పలకరించింది. "మైలవరంలో మా తమ్ముడింట్లో కూడా మీరే వస్తున్నారంటండీ. ఆగిరిపల్లి రూటు ఎప్పుడు చెబుతారని అడగమన్నాడు."

"వచ్చే వారం చెబుతానమ్మా," అంది ఛాయాదేవి. కానీ వచ్చే వారమే ఆపరేషన్.

కణితి తీశారు. ప్రాణానికి భయం లేదన్నారు. గొంతు మాత్రం రాలేదు. నెల గడిచినా నోరు తెరిస్తే గాలే వచ్చేది. కీర్తనని పిలవాలంటే చప్పట్లు కొట్టేది. కూరగాయలబ్బాయి "ఏం కావాలమ్మా" అని రెండోసారి అడిగితే వేలితో చూపించి, డబ్బులిచ్చి, చిల్లర కూడా తీసుకోకుండా లోపలికొచ్చేసేది. సాయంత్రాలు టీవీ గదిలోకి రావడం మానేసింది. వంటింటి గడప మీద గోడకి ఆనుకుని కూర్చునేది. కీర్తన కూడా ఆట తెరవలేదు. తెరిస్తే ఆవిడ నొచ్చుకుంటుందేమోనని ఆ పిల్ల భయం.

ఒక ఆదివారం హెలెన్ టీచరే వచ్చి చెప్పింది. "రోజూ మీ పెద్దమ్మ గంటకి రేడియోలో ఏమీ రావట్లేదంట కీర్తనా. ఉత్త నిశ్శబ్దం. అయినా కార్లు ఆగే ఉంటున్నాయంట."

ఆ సాయంత్రం కీర్తన ఆట పెట్టింది. కారుని నది ఒడ్డుకి తెచ్చి ఆపింది. మంజులత గొంతు బాగుపడినట్టుంది, తేటగా పలికింది.

"ఇది ఛాయాదేవి గారి టైమండీ," అని ఊరుకుంది.

తర్వాత ఏమీ లేదు. ఒడ్డు నిండా కార్లు, లోపల వెలుగుతున్న రేడియోలు, చప్పుడు లేదు. కీర్తన వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి వంటింట్లో స్టవ్ వెలిగించిన చప్పుడైంది. తర్వాత పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది. తెర వంక చూసింది, ఆగి ఉన్న కార్ల వంక చూసింది. పెదాలు కదిలించింది.

గదిలో వినిపించింది గాలే. టీవీలోంచి మాత్రం ఆ పాత గొంతు నిండుగా వచ్చింది.

"ఆలస్యమైనందుకు మన్నించాలి. ఆగిరిపల్లి, నూజివీడు వెళ్ళు ప్రయాణికులు..."

కీర్తన ముఖం తుడుచుకుంటూ లేచి, ఆరేసిన బట్టలు తెస్తానని పెరట్లోకి వెళ్ళింది. అక్కడ హెలెన్ టీచరు వాళ్ళ కిటికీలోంచి కూడా అదే గొంతు వస్తోంది. నూజివీడు మామిడితోటల దగ్గర కండక్టర్లు బస్సు ఎందుకు ఆపేవారో చెబుతోంది. కీర్తన బట్టలు భుజాన వేసుకుని అలాగే వింటూ నిలబడిపోయింది.

ఆ గొంతు ఒక్క క్షణం ఆగి, అదే తీరున, అంతే స్పష్టంగా అంది.

"కీర్తనా, పాలు పొంగుతున్నాయి చూడు."

కీర్తన పరిగెత్తింది. మైలవరంలో, ఇబ్రహీంపట్నంలో, ఇంకా ఎక్కడెక్కడో, ఆ సాయంత్రం ఆ ఆట ఆడుతున్నవాళ్ళు చాలామంది తమ కార్లని ఒడ్డునే వదిలేసి, వంటింట్లోకెళ్ళి ఒకసారి స్టవ్ చూసొచ్చారు.